మోడల్ టీ కర్ర చక్రం: వదులైన ఆకులను మళ్లీ బిగించడం ఎలా?

కర్ర చక్రం టకటకమంటోందనగానే చాలామంది దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెడతారు. తెల్లవారేసరికి ఆకులు, అంటే చక్రం నడుమ నుంచి అంచు దాకా సాగే కర్రలు, ఉబ్బి బిగుసుకుంటాయి, పని అయిపోయిందనుకుంటారు. ఉబ్బడానికి చోటు దొరకని కర్ర తన నారను తానే నలిపేసుకుంటుంది. ఆరిన తరువాత మునుపటికంటే సన్నబడి, మరింత వదులవుతుంది. దయచేసి నానబెట్టకండి. సందుల్లో రేకు ముక్కలు దిగగొట్టకండి, జిగురు పోయకండి. చక్రం విప్పి కొత్త ఆకులు వేయడమే దారి.

నేను చెబుతున్నది ఫోర్డు మోడల్ టీ అనే పాతకాలపు కారు గురించి, అందులోనూ ఉక్కు పూటీ ఉన్న చక్రం గురించి. ఆకులు దిగే బయటి వలయాన్ని ఎడ్లబండి చక్రంలో లాగే ఇక్కడా పూటీ అనే అంటాను. వెనుక చక్రాలతో మొదలుపెట్టండి. ఈ కారుకు ముందు చక్రాల బ్రేకులు లేవు. ఇంజను తోసే బలం, బ్రేకు ఆపే బలం రెండూ వెనుక ఆకుల మీదుగానే పోతాయి.

కారును జాకీ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. ఆకు పూటీలో దిగే చోట రంగు గీతలా చిట్లినా, నల్లటి మరక కనిపించినా ఆ ఆకు కదులుతున్నట్టే. టైరు తీయండి. వెనుక హబ్బును, అంటే చక్రం నడుమనున్న లోహపు భాగాన్ని, పుల్లరుతోనే లాగాలి, సుత్తితో కాదు. హబ్బు బోల్టుల కొసలు అణగగొట్టి ఉంటాయి కాబట్టి వాటిని గ్రైండరుతో అరగదీసి నట్లు విప్పండి. విప్పే ముందే ఆకులకు వరుసగా అంకెలు వేయండి.

కర్ర సంగతి. అసలు ఆకులు హికరీ అనే అమెరికా చెట్టు కర్రవి. అది దొరకకపోతే బాగా ఆరిన నల్లతుమ్మ చేవ వాడండి, మన బండి చక్రాలను శతాబ్దాలుగా మోసిన కర్ర అదే. టేకు వద్దు. చూపుకు బాగుంటుంది, చెక్కడానికి హాయిగా ఉంటుంది, కానీ గుంతల్లో పడే దెబ్బలకు నిలవదు. నార ఆకు ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగాలి. అందుకే రంపంతో కోసిన పలక కన్నా నిలువునా చీల్చిన దుంగే నాకు నమ్మకం.

ఒక్కో చక్రానికి పన్నెండు ఆకులు. లోపలి కొస మొత్తం 30 డిగ్రీల చీలలా, రెండు పక్కలా 15 డిగ్రీల చొప్పున ఉండాలి. బయటి కొసన కుసి, అంటే సన్నగా చెక్కిన మొన, పూటీ బెజ్జంలో చేత్తో నొక్కితే దిగేంత బిగువు చాలు. లోపలి కొసను చివరి కొలతకు ఇప్పుడే కోయకండి. హబ్బు రంధ్రానికి కర్ర మిగిలి ఉండాలి.

ఇక అసలు పని. ఎడ్లబండి చక్రంలో కాల్చిన ఇనుప పట్టా చల్లారుతూ బయటి నుంచి బిగిస్తుంది. ఇక్కడి పూటీ కుదించుకోదు. బిగువంతా ఆకుల పొడవులో నుంచే రావాలి. అంటే కుసి భుజం నుంచి చక్రం కేంద్రం దాకా ఉండవలసిన దానికంటే ఆకు వెంట్రుకవాసి పొడవుండాలి. అప్పుడు పన్నెండూ అమర్చితే చదునుగా కూర్చోవు, మధ్యలో గుడారంలా లేస్తాయి. లేవకపోతే ఆకులు పొట్టివి, ఆ చక్రం మళ్లీ వదులవుతుంది.

ఆ లేచిన ఎత్తే మీ కొలబద్ద. ఆకు పొడవు 25 సెంటీమీటర్లయితే, అర మిల్లీమీటరు ఎక్కువున్నప్పుడు కేంద్రం దాదాపు 16 మిల్లీమీటర్లు లేస్తుంది. రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే ఎత్తు 32 దగ్గరికి వస్తుంది. అంత ఎత్తును బలవంతంగా అణిస్తే కర్ర నలుగుతుంది, లేదా పూటీ గుండ్రం పోతుంది. నేను 16 దాటితే నొక్కను. ఆకులన్నీ తీసి, ఒక్కోదాని పక్కలను ఒక్కో చిత్రిక వేటు సన్నం చేసి మళ్లీ అమరుస్తాను. ఇది విసుగు పుట్టించే పనే. ఇక్కడ ఆదా చేసిన గంట రోడ్డు మీద ప్రాణాలకు వస్తుంది. బిగువు లేని చక్రం నిదానంగా తిరుగుతున్న కారు కిందే మలుపులో ముడుచుకుపోవడం కళ్లారా చూశాను.

నొక్కడానికి పూటీని చుట్టూ సమంగా ఆనేలా చదునైన వలయం మీద పెట్టండి. కేంద్రంలో లావు మర కడ్డీ, పైనా కిందా మందపాటి ఉక్కు పలకలు. నట్టును పావు చుట్టు తిప్పి ఆగండి, చక్రం చుట్టూ తిరిగి చూడండి, మళ్లీ పావు చుట్టు. ఏ ఆకైనా పక్క ఆకు కంటే పైకి నిలిస్తే వెంటనే వదులు చేసి సరిచూడండి. సన్నగా కిర్రుమనడం మంచిదే. చిటిలిన చప్పుడు వస్తే మాత్రం ఆ ఆకు పారేయవలసిందే. సుత్తితో ఒక్క దెబ్బ కూడా వద్దు. చదును అయ్యాక పలకలను రాత్రంతా అలాగే ఉంచండి.

ఈ పనికి కాలం కూడా ముఖ్యం. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో ఆరిన కర్రతో బిగిస్తే, వానల్లో తేమ పీల్చి ఇంకా గట్టిపడుతుంది. శ్రావణంలో బిగించినది వేసవికి వదులవుతుంది. నేను ఉగాది తరువాతే మొదలుపెట్టి మృగశిరలోపు ముగిస్తాను.

తరువాత హబ్బు రంధ్రం తొలవాలి. కేంద్రాన్ని పూటీ నుంచి కొలవండి, ఆకుల కొసల నుంచి కాదు. కొత్త బోల్టులు వేసి ఎదురెదురుగా బిగించి, చక్రాన్ని తిప్పి చూడండి. పక్కకు ఊగడం ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. సరిపోయాకే బోల్టు కొసలు అణగగొట్టండి.

మోడల్ టీ చాలా ఏళ్లు నల్లరంగులోనే వచ్చింది కాబట్టి ఆకులకూ నలుపే వేయాలనేవారున్నారు. నేను వేయను. కాచిన అవిసె నూనె పట్టించి, అది పూర్తిగా ఆరాక పారదర్శకమైన వార్నిష్ వేస్తే ప్రతి చీలికా కంటికి కనిపిస్తుంది. ప్రతి నట్టు నుంచి హబ్బు మీదికి సన్నని తెల్ల గీత ఒకటి గీయండి. 50 కిలోమీటర్లు నడిపి వచ్చాక చూసినప్పుడు ఏ గీతైనా విరిగి కనిపిస్తే, ఆ చక్రాన్ని విప్పండి.