పాత బ్రయర్ పైపు దొరికితే వెంటనే పాలిష్‌కి ఇవ్వకండి

మా టంగుటూరు వైపు పొగాకు గురించి అడిగితే ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ దగ్గర నుంచి వేలం దాకా ఎవరైనా చెప్పేస్తారు. అదే పొగాకు తాగే పైపుని ఎలా చూడాలో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. మా తాత ట్రంకు పెట్టెలో దొరికిన పైపుని ఒంగోలులో ఒక పాలిష్ షాపులో ఇస్తే, ఉప్పు కాగితంతో రుద్ది, పైన వార్నిష్ కొట్టి చేతిలో పెట్టారు. కాడ మీదున్న ముద్ర మొత్తం పోయింది. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో ఇక తెలిసే దారి లేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నా.

అందుకే ముందు ముద్రని ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీయండి. డన్‌హిల్ కంపెనీదైతే నోటి గొట్టం మీద తెల్ల చుక్క ఉంటుంది, చాలావాటికి దేశం పేరు పక్కన ఉండే చిన్న అంకెని బట్టి ఏ ఏడాదిదో పట్టుకోవచ్చు. పీటర్సన్ కంపెనీ పైపుకి వెండి పట్టీ ఉంటే దాని మీది అక్షరం ఆ పని చేస్తుంది.

తర్వాత చెక్క. బ్రయర్ అనేది మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద, దాని వేరు మొదట్లో పెరిగే బుడిపెని కోసి, గంటల తరబడి ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టి పైపు చెక్కుతారు, ఆ బుడిపె సహజంగానే నిప్పుకి తట్టుకుంటుంది. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడే వరండాలో కూర్చుని, ఉదయగిరి చెక్క గరిటెని తిప్పి చూసినట్టు పైపుని మెల్లగా తిప్పండి. పొగాకు నింపే గిన్నె చుట్టూ చారలు కింద నుంచి పైకి నిలువుగా లేచి, అంచు మీద, అడుగున చిన్న చిన్న చుక్కలుగా కనపడితే అది మంచి ముక్క, అలాంటివి తక్కువే దొరుకుతాయి. చారలు సాగిపోతూ ఒకచోట టక్కున ఆగి, అక్కడ మచ్చ మందంగా, రంగు తేడాగా ఉంటే లప్పం పెట్టి పూడ్చారన్నమాట.

చెక్కడం ఉన్న పైపు అయితే కళ్లకంటే బొటనవేలునే నమ్మండి. చేత్తో చెక్కినదానిలో ఒక గాటు లోతుగా, పక్కది తేలిగ్గా తగులుతుంది. మిషన్ పనిలో అదే గాటు మళ్లీ మళ్లీ వస్తుంది. ఇసుక కొట్టి చేసినవి వేరే రకం, మెత్తటి చెక్క రాలిపోయి గట్టి వలయాలు గట్లలా నిలబడతాయి. చెక్కడం కింద లోపాలు దాచడం కూడా మామూలే, కానీ చెయ్యి బాగున్న పనిని ఆ ఒక్క కారణంతో తీసిపారేయడం నాకిష్టం లేదు.

నోటి గొట్టాన్ని గిన్నె వేడిగా ఉన్నప్పుడు అస్సలు లాగొద్దు, చల్లారాక మెల్లగా తిప్పుతూ తీయాలి. పాత గొట్టాలు ఎక్కువగా వల్కనైట్‌వి, అంటే గంధకం కలిపిన గట్టి రబ్బరు, అందుకే ఎండ తగిలితే పచ్చగా, గోధుమ రంగుగా మారతాయి. ఆ రంగు చూసి నకిలీ అనుకోకండి. గిన్నె లోపలి మసి పొరని మొత్తం గీకెయ్యకుండా రూపాయి బిళ్ళ మందాన ఉంచండి, నీళ్లలో నానబెట్టొద్దు.

మా తాత పైపు గొట్టాన్ని మాత్రం ఆ షాపువాళ్లు ముట్టుకోలేదు. దాని చివర ఆయన పళ్లు నొక్కిన రెండు గుంతలు అలాగే ఉన్నాయి, కింది గుంత కాస్త ఎడమకి.