విదేశీ కోడలికి, అల్లుడికి భారత పౌరసత్వం: బెంగళూరులో దరఖాస్తు ఎలా?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు ఇళ్లల్లో ఫిలిప్పీన్స్ కోడలో పోలండ్ అల్లుడో కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. కొన్నేళ్లు గడిచాక, "ఎలాగూ ఇక్కడే ఉంటున్నాం కదా, పౌరసత్వం తీసేసుకుంటే పోలా?" అన్న మాట వస్తుంది. దాని వెనకే టెన్షన్ మొదలవుతుంది. కన్నడ పరీక్ష పెడతారా? జనగణమన పాడమంటారా? మతం మారాలా? ఇవేవీ లేవు. అసలు కష్టమంతా రోజుల లెక్కలో ఉంది.

దరఖాస్తుకు ముందు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు, అంటే విదేశీ పౌరులుగానే ఉంటూ ఇక్కడ ఉండనిచ్చే కార్డు, సరిపోతుందేమో చూసుకోండి. భారతీయ పౌరుడితో పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితే దానికి అడగవచ్చు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలున్నవారికి మాత్రం ఈ దారి లేదు. సొంత దేశపు పాస్‌పోర్టు చేతిలోనే ఉంటుంది, వీసా గొడవ తీరుతుంది. ఓటు ఉండదు. వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు, హిందూపురం దగ్గర తోట కొనాలని చూస్తున్నవారికి ఇది చిన్న విషయం కాదు. పెళ్లి రద్దయితే కార్డు కూడా పోతుంది. పౌరసత్వమైతే పాత దేశపు పౌరసత్వాన్ని పూర్తిగా వదులుకోవాలి, రెండూ ఉంచుకోవడానికి మన చట్టం ఒప్పుకోదు. అమ్మానాన్నలు అక్కడ ఉన్న అమ్మాయిని అత్తింటివారు ఈ విషయంలో తొందరపెట్టడం నాకు సబబు అనిపించదు. ఇక ఇక్కడ పుట్టిన పిల్లల గురించి బెంగ అక్కర్లేదు. తండ్రి భారతీయుడై, తల్లి సరైన వీసాతో ఉంటే వాళ్లు పుట్టుకతోనే పౌరులు.

పౌరసత్వమే కావాలనుకుంటే 1955 నాటి పౌరసత్వ చట్టంలోని సెక్షన్ 5(1)(సి) వర్తిస్తుంది. భారతీయుల భార్యకైనా భర్తకైనా ఇదే. ఏడేళ్లు దేశంలో ఉండాలని అందరూ చెబుతారు కానీ దాని లెక్క వేరేగా ఉంటుంది. దరఖాస్తుకు ముందు 12 నెలలూ ఇక్కడే ఉండాలి. ఆ 12 నెలలకు ముందున్న 8 ఏళ్లలో కనీసం 6 ఏళ్లు ఇక్కడ గడిపి ఉండాలి. అంటే పాత రోజుల్లో పుట్టింటికి వెళ్లొచ్చిన నెలలకు సర్దుబాటు ఉంది, చివరి ఏడాదికి లేదు. ఆ ఏడాదిలో తప్పనిసరై వెళ్లాల్సి వస్తే, ప్రత్యేక కారణాలున్నాయని కేంద్రం ఒప్పుకుంటేనే మొత్తం 30 రోజుల వరకు సడలింపు దొరుకుతుంది. అందుకే పాత పాస్‌పోర్టులు ఒక్కటీ పారేయకండి. స్టాంపులు చూసి వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నాకే ఫారం తెరవండి.

చాలాకాలం బయట ఉండి ఈమధ్యే బెంగళూరుకు తిరిగొచ్చిన జంటలకు సెక్షన్ 5(1)(జి) నయం. ఓసీఐ కార్డు తీసుకుని ఐదేళ్లయి, చివరి 12 నెలలు ఇక్కడ ఉంటే చాలు. దీని గురించి ఏజెంట్లు చెప్పరు, మనమే అడగాలి.

పెళ్లి బంధం లేని విదేశీయులకు సెక్షన్ 6 ఉంది. వాళ్లు చివరి 12 నెలలతో పాటు, అంతకుముందు 14 ఏళ్లలో 11 ఏళ్లు ఇక్కడ ఉండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఏదో ఒకటి తగినంత వచ్చి ఉండాలి. కర్ణాటకలో ఉంటున్నంత మాత్రాన అది కన్నడే కానక్కర్లేదు, తెలుగైనా చెల్లుతుంది. భార్యాభర్తల దారిలో ఈ భాష షరతు కూడా లేదు. అయినా నాలుగు కన్నడ ముక్కలు నేర్పించండి. విచారణకు వచ్చే పోలీసుతో, కార్యాలయంలో గుమాస్తాతో మాట్లాడాల్సింది ఆమే.

దరఖాస్తును కేంద్ర హోం శాఖ పౌరసత్వ పోర్టల్‌లో నింపాలి. 5(1)(సి) వారికి ఫారం 3. చెల్లుబాటులో ఉన్న విదేశీ పాస్‌పోర్టు, వీసా లేదా నివాస అనుమతి, వివాహ రిజిస్ట్రేషన్ పత్రం, భర్త లేదా భార్య భారతీయ పాస్‌పోర్టు లాంటి రుజువు జతచేయాలి. శాంతినగర్ బస్టాండ్ భవనంలోని ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) దగ్గర వీసా పొడిగింపు పెండింగ్‌లో ఉంటే ముందు అది తేల్చుకోండి. పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో చూడండి. మన ఇంటిపేరు ముందు, వాళ్లది వెనక ఉండటంతో ఇక్కడే చిక్కులొస్తాయి. నింపాక ప్రింట్ తీసి సంతకం చేసి కేజీ రోడ్డులోని బెంగళూరు అర్బన్ డిప్యూటీ కమిషనర్ కార్యాలయంలో ఇవ్వాలి. నిబంధనల ప్రకారం డీసీ 60 రోజుల్లో రాష్ట్రానికి, రాష్ట్రం 30 రోజుల్లో కేంద్రానికి పంపాలి. ఈ గడువులు కాగితం మీదివి. రసీదు నంబరు భద్రంగా పెట్టుకుని అడుగుతూ ఉండండి.

అనుమతి పత్రం వచ్చాకే పాత పౌరసత్వం వదులుకోవాలి, ముందే వదిలేస్తే మధ్యలో ఏ దేశమూ లేని స్థితి వస్తుంది. వదులుకున్నట్టు రుజువు, ఫీజు, ప్రమాణం పూర్తయ్యాక సర్టిఫికెట్ ఇస్తారు.

బ్రిటన్‌లో 24 ప్రశ్నలకు 18, జర్మనీలో 33కు 17 సరైన జవాబులు రాస్తేగానీ పౌరసత్వ పరీక్ష దాటరు. మన దగ్గర పరీక్షే లేదు. దేశం విలువల గురించి అడిగేదల్లా ఆ ప్రమాణంలోనే ఉంది: రాజ్యాంగానికి విధేయంగా ఉంటాను, చట్టాలు పాటిస్తాను, పౌర విధులు నెరవేరుస్తాను. అందులో తిండి, బట్ట, బొట్టు, దేవుడు ఊసే లేదు. పౌర విధులంటే ఏమిటని కోడలో అల్లుడో అడిగితే రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చూపించండి. 1976లో 10 విధులు పెట్టారు, 2002లో ఒకటి కలిపారు. మిశ్రమ సంస్కృతిని కాపాడటం, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం వాటిలోవే. ప్రమాణం చేసే ముందు ఇంట్లో అందరూ ఒకసారి చదివితే మంచిది, పుట్టుకతో పౌరులైన మనలో చాలామంది అది చదివి ఉండరు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ఓటు, పాస్‌పోర్టు అందరిలాగే. ఒక్క తేడా ఉంది. ఇలా పౌరులైనవారు ఆ తర్వాత వరుసగా ఏడేళ్లు విదేశాల్లో స్థిరపడితే, సెక్షన్ 10 కింద కేంద్రం పౌరసత్వాన్ని తీసేయగలదు. చదువుకో, ప్రభుత్వ ఉద్యోగానికో వెళ్లినవారికి, ఏటా భారత కాన్సులేట్‌లో పేరు నమోదు చేసుకునేవారికి మినహాయింపు ఉంది. కంపెనీ మళ్లీ బయటికి పంపేలా ఉంటే ఆ నమోదు మర్చిపోవద్దు.