లినక్స్‌లో డీ డ్రైవ్ రీడ్-ఓన్లీ అయిపోతే

ఒకే కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) రెండూ పెట్టుకున్నారా? ఉబుంటులోకి వచ్చి విండోస్ డీ డ్రైవ్‌లో ఫైల్ సేవ్ చేయబోతే రీడ్-ఓన్లీ, అంటే చదవడమే తప్ప రాయడం కుదరదు అంటోందా? పర్మిషన్లు మార్చడానికి సీహెచ్‌మోడ్ కమాండ్ కొడుతూ కూర్చోకండి, చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (కంప్యూటర్ త్వరగా తెరుచుకోవడానికి ఉండే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, అందుకే డేటా పాడవకుండా లినక్స్ ఆ డ్రైవ్‌లో రాయడానికి ఒప్పుకోదు. మంచిదే కదా.

విండోస్‌లోకి వెళ్లి కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల సెట్టింగ్ తెరిచి, ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. టిక్ మసకగా ఉంటే పైనున్న లింక్ నొక్కాలి. తర్వాత షట్‌డౌన్ చేసి ఉబుంటు తెరవండి.

అయినా రాకపోతే మళ్లీ విండోస్‌లోనే, డ్రైవ్‌లో లోపాలు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ నడపండి. లినక్స్‌లో ఇలాంటి పనికే ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే టూల్ చిన్నాచితకా లోపాలే సరిచేస్తుంది, ముఖ్యమైన ఫైళ్లుంటే ముందు కాపీ తీసుకోండి.