1950ల నాటి బ్రిటిష్ పింగాణీ పాత్రలను గుర్తించడం, సేకరించడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఆదివారం ఉదయాన్నే మైదానాల్లో కార్ల డిక్కీలు తెరిచి ఇంట్లో పాత సామాను అమ్ముకునే 'కార్ బూట్ సేల్'కు వెళ్తే, ఏదో ఒక బల్ల మీద నలుపు చారల కప్పో, మూలలు గుండ్రంగా తిరిగిన చదరపు పళ్ళెమో కనిపిస్తుంది. ఛారిటీ షాపుల అరల్లోనూ ఇలాంటివి దొరుకుతాయి. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారికి చేతికందే దూరంలో ఉన్న ఈ పాత్రలను గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు గానీ, దానికి ఒక క్రమం ఉంది. ఆ క్రమం తెలియక నేను మొదటి రెండేళ్ళూ చాలా పొరపాట్లు చేశాను కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవారి కోసం దాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు మనసులో పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ కాలపు పాత్ర ప్రతిదానికీ మూడు పేర్లుంటాయి: తయారుచేసిన కర్మాగారం పేరు, పాత్ర ఆకృతికి పెట్టిన పేరు, దాని మీది డిజైన్ పేరు. ఒకే ఆకృతి మీద పదుల కొద్దీ డిజైన్లు వచ్చాయి. కొన్ని డిజైన్లు రెండు మూడు ఆకృతుల మీద కూడా వచ్చాయి. ఈ మూడింటినీ విడివిడిగా చెప్పగలిగినప్పుడే ఆ పాత్రను మీరు గుర్తించినట్టు.

మొదటి అడుగు: కాలం సంగతి తెలుసుకోండి

బ్రిటిష్ పింగాణీ పరిశ్రమకు గుండెకాయ స్టాఫర్డ్‌షైర్‌లోని స్టోక్ ఆన్ ట్రెంట్. టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్ళు కలిసి ఏర్పడిన ఈ నగరాన్ని అక్కడివారు 'పాటరీస్' అంటారు. పరిశ్రమ ఉచ్చస్థితిలో ఉన్న రోజుల్లో ఇక్కడ సీసా ఆకారపు బట్టీలు 2,000కు పైగా ఉండేవి. ఇప్పుడు నిలిచి ఉన్నవి 50 కూడా లేవు. రెండో ప్రపంచ యుద్ధం కారణంగా 1942 నుంచి స్వదేశంలో అమ్మే పాత్రల మీద అలంకరణను ప్రభుత్వం నిషేధించింది. రంగులు వేసినవన్నీ ఎగుమతికే పోయేవి. బ్రిటిష్ ఇళ్ళకు తెల్లటి సాదా పాత్రలే మిగిలాయి. ఈ ఆంక్ష 1952 ఆగస్టు దాకా తొలగలేదు. పదేళ్ళపాటు తెల్ల కప్పులో టీ తాగిన ఇల్లాలికి ఒక్కసారిగా ఎరుపు, పసుపు, నలుపు గీతలు దుకాణంలో ఎదురైనప్పుడు ఎలా అనిపించి ఉంటుందో ఊహిస్తే, 1953 తర్వాతి డిజైన్లలో అంత ఉత్సాహం ఎందుకు పొంగిందో అర్థమవుతుంది.

రెండో అడుగు: పాత్రను బోర్లించి చదవండి

అడుగున ఉండే ముద్రను 'బ్యాక్‌స్టాంప్' అంటారు. పాత్రను రెండు చేతులతో పట్టుకుని, మూత ఉంటే ముందుగా తీసి పక్కన పెట్టి, అప్పుడు బోర్లించండి. మూత సంగతి మరిచిపోయి టీపాట్లు పగలగొట్టుకున్నవాళ్ళు సేకర్తల్లో తక్కువేమీ లేరు.

'ఇంగ్లండ్' అన్న మాట ముద్రలో ఉంటే అది సాధారణంగా 1891 తర్వాతి పాత్ర అవుతుంది. దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేయడం దీనికి కారణం. 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని పూర్తిగా ఉంటే ఎక్కువగా 20వ శతాబ్దానిదే. రిజిస్టర్డ్ డిజైన్ నంబరు ఉంటే మరింత దగ్గరగా వెళ్ళవచ్చు: ఆ వరుస 1950 మొదట్లో సుమారు 8,60,000 దగ్గర, 1960 మొదట్లో సుమారు 8,95,000 దగ్గర ఉంది. అయితే ఆ నంబరు డిజైన్‌ను నమోదు చేసిన కాలాన్ని చెబుతుందే తప్ప, మీ చేతిలోని పళ్ళెం బట్టీలోంచి బయటికి వచ్చిన రోజును చెప్పదు. అదే డిజైన్‌ను పదేళ్ళ తర్వాత కూడా చేసి ఉండవచ్చు. 'డిష్‌వాషర్ సేఫ్' అన్న మాట కనిపిస్తే మాత్రం 1950ల తొలినాళ్ళ ఆశ వదులుకోవచ్చు.

వెడ్జ్‌వుడ్ పాత్రల విషయంలో పని కొంత సులువు. 1930 తర్వాత ఆ సంస్థ మట్టిలోకి నొక్కిన గుర్తుల్లో సంవత్సరపు చివరి రెండంకెలు కనిపిస్తాయి. 1940లో కర్మాగారం బార్లస్టన్‌కు మారింది కాబట్టి, ఆ ఊరి పేరున్న ముద్ర అంతకు ముందుది కాదు.

పేర్ల దగ్గర ఒక ఉచ్చు పొంచి ఉంటుంది, నేను దానిలో పడ్డాను. మొదటి ఏడాది ఒక పాతసామాన్ల దుకాణంలో 'వెడ్జ్‌వుడ్' అని చీటీ అంటించిన జగ్గును మంచి ధర పెట్టి కొన్నాను. ఇంటికి వచ్చి భూతద్దంతో చూస్తే ముద్రలో 'వెడ్జ్‌వుడ్ అండ్ కో' అని ఉంది. అది టన్‌స్టాల్‌లోని వేరే సంస్థ; జోసయా వెడ్జ్‌వుడ్ స్థాపించిన కర్మాగారానికీ దానికీ సంబంధం లేదు. ఆ జగ్గు చెడ్డదేమీ కాదు, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నేను పెట్టిన ధర మాత్రం దానిది కాదు. అలాగే జె. అండ్ జి. మీకిన్ వేరు, ఆల్‌ఫ్రెడ్ మీకిన్ వేరు. ముద్రలో ప్రతి అక్షరాన్నీ, పొడి అక్షరాలతో సహా, చదివి తీరాలి.

ముద్రకు అడ్డంగా గోరుతో గీకినట్టు ఒక గీత ఉంటే, కర్మాగారమే దాన్ని రెండో రకం సరుకుగా తేల్చి తక్కువ ధరకు అమ్మేసిందని సాధారణంగా అర్థం.

మూడో అడుగు: మట్టిని తెలుసుకోండి

మనం అన్నిటినీ పింగాణీ అనే అంటాం గానీ, సేకర్తకు ఆ మాట చాలదు. ఎర్దెన్‌వేర్, స్టోన్‌వేర్, బోన్ చైనా అని ఇక్కడ మూడు రకాలు. పళ్ళేన్ని కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వెనక మీ వేళ్ళు ఆడించండి; వేళ్ళ నీడ ఇటువైపు కనిపిస్తే అది బోన్ చైనా. దాని మట్టిలో దాదాపు సగం ఎముకల బూడిద ఉంటుంది. నీడ కనిపించక, చేతికి తేలికగా ఉండి, గ్లేజ్ (పైన గాజులా మెరిసే పూత) ఊడినచోట తెల్లగానో మీగడ రంగులోనో సుద్దలా కనిపిస్తే ఎర్దెన్‌వేర్. 1950ల నాటి రంగురంగుల భోజన పాత్రల్లో ఎక్కువ భాగం ఇదే. బరువుగా, గట్టిగా, తరచు గోధుమ లేదా బూడిద రంగు మట్టితో ఉండేది స్టోన్‌వేర్.

నాలుగో అడుగు: రంగు ఎలా పడిందో చూడండి

పది రెట్లు పెంచి చూపే చిన్న భూతద్దం ఒకటి ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. చేత్తో వేసిన గీత మొదట్లో లావుగా, చివర్లో సన్నగా ఉంటుంది. కుంచె ఎత్తిన చోట రంగు చిక్కబడుతుంది. ఒకే సెట్‌లోని రెండు పళ్ళేలను పక్కపక్కన పెడితే ఏ రెండు గీతలూ సరిగ్గా ఒకలా ఉండవు. అచ్చు కాగితం నుంచి దించిన బొమ్మ అయితే అన్ని పళ్ళేల మీదా అచ్చుగుద్దినట్టే ఉంటుంది, అంచుల దగ్గర అతుకు కనిపించవచ్చు. 1950ల మధ్యలో వచ్చిన మరే కర్వెక్స్ యంత్రం మెత్తని జెలటిన్ దిమ్మెతో బొమ్మను నేరుగా పళ్ళెం మీదికి దించేది. చేతిపని ఖర్చు లేకుండా ఒకే రంగులో చక్కటి గీతలు పడడం ఆ యంత్రంతోనే సాధ్యమైంది, చవక పాత్రలకు కూడా మంచి డిజైన్లు వచ్చాయి.

ఐదో అడుగు: ఆకృతినీ డిజైన్‌నూ విడదీయండి

ఈ పాఠం నేర్చుకోవడానికి బర్స్‌లెమ్‌లోని మిడ్‌వింటర్‌ను మించిన కర్మాగారం లేదు. కొత్తగా సేకరించేవారు అక్కడే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. 1952లో రాయ్ మిడ్‌వింటర్ ఉత్తర అమెరికా వెళ్ళి, అక్కడ ఈవా జైసెల్, రేమండ్ లోవీ రూపొందించిన ఆధునిక పాత్రలను చూసి వచ్చాడు. మరుసటి ఏడాదే 'స్టైల్‌క్రాఫ్ట్' అనే ఆకృతి వచ్చింది. మూలలు గుండ్రంగా తిరిగిన చదరపు పళ్ళేలు, అంచుకు విడిగా పట్టీ లేకుండా బొమ్మకు పూర్తి చోటు ఇచ్చే ఉపరితలం దాని లక్షణాలు. 1955లో మరింత వంపులు తిరిగిన 'ఫ్యాషన్' ఆకృతి, 1962లో డేవిడ్ క్వీన్స్‌బరీ గీసిన నిటారు స్తంభం లాంటి 'ఫైన్' ఆకృతి వచ్చాయి.

ఈ ఆకృతుల మీద డిజైన్లు వేసినవారిలో ముఖ్యురాలు జెస్సీ టెయిట్. ఆమె 1956లో చేసిన 'జాంబెజీ' కప్పును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. బయట తెలుపు మీద జీబ్రా చర్మంలాంటి నల్లటి చారలు, కుంచెతో స్వేచ్ఛగా లాగినవి, పైనుంచి కిందికి వస్తూ సన్నబడతాయి. లోపల నిండు ఎరుపు. కప్పును కాస్త వంచితే ఆ ఎరుపు అంచు మీదుగా తొంగిచూస్తుంది. ఈ డిజైన్ ఎంత ప్రజాదరణ పొందిందంటే, ఇతర కర్మాగారాలూ జీబ్రా చారల పాత్రలు చేశాయి. అందుకే చారలు చూసి మిడ్‌వింటర్ అనుకోకూడదు, ముద్ర చూసి అనుకోవాలి. మిడ్‌వింటర్ కోసమే టెరెన్స్ కాన్రన్ ఆకులు, పురుగులతో 'నేచర్ స్టడీ'ని, వాస్తుశిల్పి హ్యూ కాసన్ సముద్రతీరపు దృశ్యాలతో 'రివియెరా'ను చేశారు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ రిడ్జ్‌వే పాటరీస్ వారి 'హోమ్‌మేకర్'. 1957లో ఎనిడ్ సీనీ రూపొందించిన ఈ డిజైన్‌ను వూల్‌వర్త్స్ దుకాణాల్లో సామాన్యులు కొనగల ధరకు అమ్మారు. ఆకృతి పేరు 'మెట్రో', దాన్ని గీసినవాడు టామ్ ఆర్నల్డ్. చూడండి, మూడు పేర్లూ ఎంత వేరో! తెలుపు మీద వంకరటింకర నల్ల గీతల నేపథ్యం, దాని మధ్య ఆ కాలపు ఇంటి సామాను: డిజైనర్లు రాబిన్ డే గీసిన కుర్చీ, సిగ్వార్డ్ బెర్నడాట్ గీసిన సోఫా, బూమరాంగ్ ఆకారపు బల్ల, మొక్కల స్టాండు. కొత్తగా కాపురం పెట్టిన జంట తాము కొనలేని కుర్చీని పళ్ళెం మీదైనా చూసుకుని అన్నం తిన్నారని తలచుకుంటే నాకు ఈ పళ్ళెం మీద ఎనలేని మమకారం కలుగుతుంది. పళ్ళేలు సులువుగా దొరుకుతాయి. టీపాట్లు, కాఫీ పాట్లు, మూత ఉన్న గిన్నెలు అరుదు, వాటి ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

స్టోక్ బయటి కర్మాగారాలనూ మరవకండి. డోర్సెట్‌లోని పూల్ పాటరీలో 1950ల్లో ఆల్‌ఫ్రెడ్ రీడ్ గీసిన నిలువు పట్టీల కూజాల అడుగున, ముద్రతోపాటు డిజైన్ సంకేతాక్షరాలూ, రంగులు వేసిన అమ్మాయి పెట్టుకున్న చిన్న గుర్తూ చేతిరాతలో ఉంటాయి; ఆ గుర్తును బట్టి ఆమె ఎవరో కూడా తెలుసుకోవచ్చు. డెర్బీషైర్‌లోని డెన్బీ స్టోన్‌వేర్‌కు పేరుపొందింది. పోర్ట్‌మీరియన్ పాటరీ మాత్రం స్టోక్‌లోనిదే; అక్కడ సూజన్ విలియమ్స్-ఎలిస్ 1963లో చేసిన 'టోటెమ్' పొడవాటి కాఫీ పాట్ల మీద ఉబ్బెత్తు గుర్తుల చుట్టూ గ్లేజ్ చిక్కగా నిలుస్తుంది. కార్న్‌వాల్‌లోని ట్రోయికా కర్మాగారం 1963లో సెయింట్ ఐవ్స్‌లో మొదలై 1970లో న్యూలిన్‌కు మారింది కాబట్టి, ముద్రలో సెయింట్ ఐవ్స్ పేరుంటే అది తొలినాళ్ళది.

ఒక్క కుమ్మరి చేతిలో రూపుదిద్దుకునే స్టూడియో పాటరీ వేరే లోకం. బెర్నార్డ్ లీచ్, 1938లో వియన్నా నుంచి లండన్ చేరిన లూసీ రీ, ఆమె దగ్గర పనిచేసిన హాన్స్ కోపర్ తమ పొడి అక్షరాలను పచ్చిమట్టిలో ముద్రగా నొక్కేవారు. 1980ల మొదట్లో ఒక ఇంగ్లిష్ జైలులోని కుండల తరగతిలో ఖైదీలు లీచ్ ముద్రతో నకిలీలు చేయగా, అవి పెద్ద వేలంశాలల దాకా వెళ్ళాయి. కొత్తవారు ఈ పేర్ల మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది.

ఆరో అడుగు: లోపాలను వెతకండి

అంచు చుట్టూ కళ్ళు మూసుకుని వేలు తిప్పండి. పెచ్చు ఊడినచోటు కంటికన్నా వేలికి ముందు తెలుస్తుంది. తర్వాత పాత్రను అరచేతిలో నిలిపి గోటితో మెల్లగా మీటండి. కుండను మీటి చూసి కొనే అలవాటు మనకు కొత్తది కాదు, ఇక్కడా అదే పద్ధతి: నిండుగా ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో వెంట్రుకవాసి పగులు ఉంది. టీపాట్ల కొమ్ము, జగ్గుల పిడి అతికించినవేమో చూడాలి. అల్ట్రావయొలెట్ టార్చి వెలుగులో జిగురు, కొత్త రంగు తరచు వేరుగా మెరుస్తాయి. గ్లేజ్ నిండా సాలెగూడులాంటి సన్నని నెర్రెలు ఉండడం ఎర్దెన్‌వేర్‌లో సహజమే, కానీ వాటిలోకి గోధుమ మరక దిగి ఉంటే ధర తగ్గించి అడగండి. పళ్ళెం వెనక మూడు చిన్న చుక్కల్లాంటి గరుకు మచ్చలు ఉంటే భయపడకండి. బట్టీలో దాన్ని నిలబెట్టిన ఆధారం తాలూకు గుర్తులవి.

ఏడో అడుగు: చేతికి, కంటికి అలవాటు చేయండి

హాన్లీలోని పాటరీస్ మ్యూజియం, లాంగ్టన్‌లోని గ్లాడ్‌స్టోన్ పాటరీ మ్యూజియం, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అసలైనవాటిని తీరిగ్గా చూసి రండి. తర్వాత ఒకే కర్మాగారాన్నో, ఒకే డిజైనర్‌నో ఎంచుకోండి. అందంగా ఉన్నదల్లా కొంటే ఇల్లు నిండుతుంది గానీ కన్ను పదును కాదు.

కొన్నవాటిలో తినవచ్చా అని చాలామంది అడుగుతారు. పాత గ్లేజుల్లో సీసం, నిండు ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో కాడ్మియం ఉండే అవకాశం ఉంది. పులుపు వాటిని కరిగించి బయటికి లాగుతుంది. కాబట్టి ఊరగాయ, చింతపండు పులుసు, నిమ్మకాయ పులిహోర, పెరుగు వీటిలో పెట్టవద్దు. పసుపు విషయంలో మరో ఇబ్బంది కూడా ఉంది: నెర్రెలిచ్చిన ఎర్దెన్‌వేర్‌లోకి కూర పసుపు ఒకసారి దిగిందంటే ఇక వదలదు. బ్లీచ్‌లో నానబెడితే మట్టి దాన్ని పీల్చుకుని గ్లేజ్ పెచ్చులుగా లేస్తుంది. డిష్‌వాషర్, మైక్రోవేవ్ రెండూ వీటికి శత్రువులే. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. పళ్ళేలు దొంతిగా పెట్టేటప్పుడు ఒక్కొక్కదాని మధ్య మెత్తని కాగితం పరచండి.

చివరిగా, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. కర్మాగారం, ఆకృతి, డిజైన్, డిజైనర్, ముద్రలోని మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, కొలతలు, లోపాలు, కొన్న చోటు, తేదీ, ధర రాసి, అడుగు భాగం ఫొటో అతికించండి. తెలియని గడిని ఊహతో నింపకుండా ఖాళీగా వదలండి. నా పుస్తకంలో మొదటి పేజీలో ఆ జగ్గు ఉంది. దాని కర్మాగారం గడిలో పేరు కొట్టివేసి మళ్ళీ రాశాను, డిజైన్ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.