తక్కువ సొమ్ముతో గేమింగ్ కంప్యూటరు – మూడవ పాఠం: గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎంపీఎస్

మొదటి పాఠంలో మానిటరును, రెండవ పాఠంలో ప్రాసెసరునూ మదర్‌బోర్డునూ నిర్ణయించుకున్నాం. మనం ఉదాహరణగా తీసుకున్న విజయనగరం ఇంజనీరింగ్ విద్యార్థి చేతిలో మానిటరు ఖర్చు పోగా అరవై వేల రూపాయలు ఉన్నాయి. అతడు 1920×1080 చుక్కల మానిటరును, ఆరు కోర్ల రైజెన్ 5 5600 ప్రాసెసరును, బీ550 మదర్‌బోర్డును ఎంచుకున్నాడు. ఈ పాఠంలో గ్రాఫిక్స్ కార్డును, దానికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌ను కలిపి నేర్చుకుందాం.

ఈ రెండింటినీ విడివిడిగా కాక ఒకే పాఠంలో చెప్పడానికి బలమైన కారణం ఉంది. గ్రాఫిక్స్ కార్డుపై పెట్టిన ప్రతి వెయ్యి రూపాయలూ ఆటలో ఫ్రేముల రూపంలో, అంటే తెరపై సెకనుకు మారే చిత్రాల సంఖ్యగా, కంటికి కనిపిస్తాయి. ఎస్ఎంపీఎస్‌పై పెట్టిన సొమ్ము ఒక్క ఫ్రేమునైనా పెంచదు. అందువల్ల డబ్బు చాలనప్పుడు కొనేవారూ అమ్మేవారూ కూడా మొదట దానినే తగ్గిస్తారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలోని కరెంటును దృష్టిలో పెట్టుకుంటే, తగ్గించవలసిన భాగాల వరుసలో అది అన్నిటికంటే చివర ఉండాలి.

కార్డుకు ఎంత పని పడుతుంది

గ్రాఫిక్స్ కార్డు స్థాయిని నిర్ణయించేది ముందుగా మానిటరు. 1920×1080 తెరపై ఒక్కొక్క ఫ్రేముకు 20,73,600 చుక్కలను కార్డు లెక్కగట్టాలి. 2560×1440 తెరపై ఆ సంఖ్య 36,86,400 అవుతుంది, అంటే పని ముప్పాతిక వంతుకు పైగా పెరుగుతుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక ఫ్రేముకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు, 144 ఫ్రేములు కావాలంటే 7 మిల్లీసెకన్లకంటే తక్కువ. మన విద్యార్థి 1080 తెరపై కొత్త ఆటలను మధ్యస్థమైన సెట్టింగులతో 60 ఫ్రేములకు తగ్గకుండా ఆడితే చాలునన్నాడు కాబట్టి, అరవై వేలలో ఇరవై రెండు వేల వరకు కార్డుకు కేటాయిద్దాం. ధరలు వారం వారం మారుతుంటాయి గనుక ఏ కార్డు ఎంతకు దొరుకుతుందో ఇక్కడ రాయడం లేదు. ఆ సొమ్ములో దొరికే కార్డులలో దేనిని ఎంచుకోవాలో తెలుసుకుందాం.

కార్డు పేరు చూసి కొనకూడదు. జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3050 అనే ఒకే పేరుతో 8 జీబీ కార్డు ఒకటి, 2024లో వచ్చిన 6 జీబీ కార్డు మరొకటి ఉన్నాయి. మొదటి దానిలో 2560 కోర్లు, 128 బిట్ల మెమరీ దారి ఉండగా, రెండవ దానిలో 2304 కోర్లు, 96 బిట్ల దారి మాత్రమే ఉన్నాయి. రెండవది 70 వాట్లతోనే నడుస్తుంది గనుక ప్రత్యేకమైన పవర్ కేబులు అక్కరలేదన్న సౌకర్యం ఉన్నా, వేగంలో అది మొదటి దానికి సమానం కాదు. పెట్టె మీద మెమరీ ఎంత అని రాసి ఉందో చదవనివారికి ఈ తేడా తెలియదు.

ఇంతకంటే లోతైన చిక్కు మెమరీ నిండినప్పుడు వస్తుంది. ఆటలోని గోడల, చెట్ల, దుస్తుల చిత్రాలన్నీ కార్డుపై ఉన్న సొంత మెమరీలో ఉంటాయి. అది చాలకపోతే మిగిలిన వాటిని కంప్యూటరు ర్యామ్ నుంచి, కార్డును మదర్‌బోర్డుకు కలిపే పీసీఐఈ దారి గుండా తెచ్చుకోవాలి. రేడియాన్ ఆర్ఎక్స్ 6600 తన సొంత 8 జీబీ మెమరీని సెకనుకు 224 జీబీ వేగంతో చదువుతుంది. పీసీఐఈ దారిలోనైతే మూడవ తరం బోర్డుపై ఒక్కొక్క లేనుకు (ఆ దారిలోని ఒక్కొక్క వరుసకు) సెకనుకు సుమారు 1 జీబీ, నాలుగవ తరం బోర్డుపై సుమారు 2 జీబీ మాత్రమే వస్తాయి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే చౌక కార్డుకు నాలుగే లేన్లు ఉన్నాయి, పైగా దాని మెమరీ సాధారణంగా 4 జీబీయే. దానిని ఏ520 బోర్డుపై పెట్టినా, రైజెన్ 5 5500తో జత చేసినా, మూడవ తరం దారే దక్కుతుంది గనుక మెమరీ నిండిన మరుక్షణం ఆ కార్డు సెకనుకు 4 జీబీ సన్నని దారిపై ఆధారపడుతుంది. అప్పుడు సగటు ఫ్రేముల సంఖ్య ఫరవాలేదనిపించినా ఆట నడుమ నడుమ ఆగి ఆగి కదులుతుంది. విడివిడిగా చూస్తే చౌకగా, చక్కగా కనిపించే మూడు భాగాలు కలిసినప్పుడు ఒకదానినొకటి దెబ్బతీసే తీరు ఇది. దుకాణాల కాంబోలలో ఇటువంటి జతలు కనిపిస్తే, ఆ ఒక్క కారణం చేతనే కాంబోను వదులుకోవచ్చు.

కనుక మన విద్యార్థికి నేను సూచించేది ఆర్ఎక్స్ 6600. దానికి ఎనిమిది లేన్లు, 8 జీబీ మెమరీ, 132 వాట్ల వాడకం ఉన్నాయి. బీ550 బోర్డూ రైజెన్ 5 5600 కలిసి దానికి నాలుగవ తరం దారిని ఇస్తాయి. కాస్త పైధరకు ఆర్‌టీఎక్స్ 4060 దొరికితే అది 115 వాట్లతోనే మరింత వేగంగా పనిచేస్తుంది, అయితే ఆ అదనపు సొమ్మును ఎస్ఎంపీఎస్ నుంచి తీయకూడదు. కార్డుకు ఇప్పుడు అసలే డబ్బు లేనివారు, చిత్రాలను గీసే భాగం ప్రాసెసరులోనే ఉన్న రైజెన్ 5 5600జీతో మొదలుపెట్టి, తేలికపాటి ఆటలతో కొంతకాలం గడపవచ్చు.

పాత కార్డుల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. పెట్టె లేకుండా, బిల్లు లేకుండా అమ్మే జీటీఎక్స్ 1050 టీఐ వంటి కార్డులలో కొన్ని, దశాబ్దం నాటి చిప్పులకు బయోస్ (కార్డు లోపలి ప్రోగ్రాము) మార్చి కొత్త పేరు తగిలించినవి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామును అమ్మేవారి ఎదుటే నడిపిస్తే అటువంటి నకిలీని చాలావరకు గుర్తిస్తుంది. అందుకు ఒప్పుకోని చోట కొనవద్దు.

ఎస్ఎంపీఎస్ స్టిక్కరు చదవడం

ఇప్పుడు లెక్క వేద్దాం. రైజెన్ 5 5600 మదర్‌బోర్డు సాకెట్ నుంచి తీసుకునే గరిష్ఠ కరెంటు 76 వాట్లు. ఆర్ఎక్స్ 6600కు 132 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి 50 వాట్లు వేసుకుంటే మొత్తం 258. మరి ఆర్ఎక్స్ 6600కు కార్డు తయారీదారు 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌ను ఎందుకు సూచిస్తున్నాడు? గ్రాఫిక్స్ కార్డు వాడకం నిలకడగా ఉండదు. మిల్లీసెకన్ల పాటు సగటుకు మించి కరెంటు లాగుతూ ఉంటుంది, ఎస్ఎంపీఎస్ దానిని తట్టుకోవాలి. పైగా సామర్థ్యంలో సగం దగ్గర నడిచే ఎస్ఎంపీఎస్ తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న వాట్లను పక్కనబెట్టి, పక్కభాగంలోని స్టిక్కరుపై ప్లస్ 12 వోల్టుల గడిని చూడండి. అక్కడ ఉన్న ఆంపియర్లను 12తో గుణించండి. ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ రెండూ కరెంటు తీసుకునేది ఆ గడి నుంచే. ఒక ఎస్ఎంపీఎస్ పేరులో 500 అని ఉండి, ఆ గడిలో 18 ఆంపియర్లే ఉన్నాయనుకోండి: అది ఇవ్వగలిగినది 216 వాట్లు. మన ప్రాసెసరుకూ కార్డుకూ కలిపి 208 కావాలి. ఫ్యాన్లకు గానీ, క్షణికంగా ఎగసే వాడకానికి గానీ అందులో చోటే లేదు. నిజాయితీగా తయారైన 550 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఆ గడిలో 45 ఆంపియర్ల వరకు, అంటే 540 వాట్లు, కనిపిస్తాయి. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌లు చాలావరకు మొదటి రకానివి. ఆఫీసు పనికి అవి నడుస్తాయి గానీ, గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరులో వాటిని బిగించడానికి ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల కేబులు లేక, పాత హార్డ్‌డిస్క్ కేబులుకు కన్వర్టరు తగిలించి ఇస్తామన్నా అదే జవాబు ఇవ్వండి, ఎందుకంటే ఆ సన్నని తీగలు, పిన్నులు ఆటల భారానికి వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.

80 ప్లస్ బ్రాంజ్ అనే గుర్తు ఉంటే మంచిదే. అయితే అది కరెంటు వృథాను మాత్రమే కొలుస్తుంది. రక్షణ సర్క్యూట్లు ఉన్నాయో లేదో చెప్పదు. ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు, షార్ట్ సర్క్యూట్, అధిక వేడి అనే నాలుగింటి నుంచి రక్షణ ఉందని వివరాల పత్రంలో రాసి ఉండాలి, వారంటీ కనీసం మూడేళ్లు, వీలైతే ఐదేళ్లు ఉండాలి.

గోడలోని కరెంటు

స్టిక్కరుపై చూడవలసిన రెండవ గడి ఇన్‌పుట్ వోల్టేజీ. మన ఇళ్లకు రావలసినది 230 వోల్టులు. కాలువ చివరి ఆయకట్టుకు నీరు సన్నగిల్లినట్టే, వేసవి సాయంత్రాలలో ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా లైను చివరనున్న ఇళ్లకు వోల్టేజీ పడిపోతుంది. ఆ గడిలో 100–240 అని ఉన్న ఎస్ఎంపీఎస్ ఆ పతనాన్ని తట్టుకుని నడుస్తుంది. 200–240 అని ఉన్నది కంప్యూటరును ఉన్నట్టుండి ఆపేయవచ్చు. ఆముదాలవలస, చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెలలో ఉండేవారు ఈ ఒక్క అంకె కోసం కొన్ని వందలు ఎక్కువ ఇచ్చినా నష్టపోరు.

తుఫానులను కూడా లెక్కలో పెట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మన ప్రాంతంలో, ముఖ్యంగా తిత్లీ తరువాత ఉద్దానంలో, అనేక గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు. లైన్లు సరిచేస్తున్న సమయంలో కరెంటు వచ్చి పోతూ ఉంటుంది, వోల్టేజీ ఒక్కసారిగా ఎగసిపడవచ్చు. అటువంటప్పుడు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గును సాకెట్ నుంచి తీసి పెట్టాలి.

ఎర్తింగు మరింత ముఖ్యం. కేబినెట్ ఇనుపభాగాన్ని తాకినప్పుడు సన్నగా జివ్వుమంటే, కంప్యూటరు చెడిపోయిందని చాలామంది అనుకుంటారు. కారణం అది కాదు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులోని రొదను వడకట్టే చిన్న కెపాసిటర్లు రెండు తీగల నుంచీ ఎర్త్‌కు కలిపి ఉంటాయి. ఎర్త్ తీగ నిజంగా భూమికి చేరకపోతే, కేబినెట్‌పై సుమారు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల వరకు, నిలుస్తుంది. దాని వెంట వచ్చే కరెంటు చాలా స్వల్పం గనుక జివ్వుమనడంతో సరిపోతుంది, కానీ లోపల నిజమైన షార్ట్ ఏర్పడిన రోజున ప్రాణాన్ని కాపాడవలసిన దారి లేదన్న సంగతిని అది తెలియజేస్తోంది. పాత పెంకుటిళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనుక ఎర్త్ తీగ కలపకపోవడం సాధారణం. కంప్యూటరు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటరుతో కొలిపించండి. రెండు అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది వోల్టులకు మించకూడదు. ఈ పనికి అయ్యే ఖర్చును కంప్యూటరు లెక్కలోనే వేయండి.

ఇక యూపీఎస్ సంగతి. కొంత కరెంటు వృథా అవుతుంది గనుక, 258 వాట్లను ఇవ్వడానికి ఎస్ఎంపీఎస్ గోడ నుంచి సుమారు 300 తీసుకుంటుంది, మానిటరుతో కలిపి 330 దాకా వస్తుంది. బజారులో ఎక్కువగా దొరికే 600 వీఏ (వోల్ట్-ఆంపియర్) యూపీఎస్ ఇవ్వగలిగినది 360 వాట్లు మాత్రమే. అది అంచున నడుస్తుంది గనుక, 1000 వీఏ వైపు చూడాలి, లేదా ఆడుతుండగా కరెంటు పోతే పోనీ అని ఆ సొమ్మును ప్రస్తుతానికి మిగుల్చుకోవాలి. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవారు దాని వెనుక ఉండే స్విచ్చును యూపీఎస్ వైపుకు మార్చాలి. కరెంటు పోయిన తరువాత ఎస్ఎంపీఎస్ పూర్తి భారంలో సుమారు 16 మిల్లీసెకన్లు మాత్రమే నెట్టుకురాగలదు; యూపీఎస్ వైపున ఇన్వర్టరు అంతకంటే త్వరగా బ్యాటరీకి మారేలా తయారవుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టరు అయితే ఇబ్బంది ఉండదు, స్క్వేర్ వేవ్ రకాలతో కొన్ని మంచి ఎస్ఎంపీఎస్‌లు ఆగిపోతాయి.

ఎక్కడ కొనాలి అన్నదానికి నా జవాబు చిన్నది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తక్కువకు దొరికినా, విజయనగరం గంటస్తంభం దగ్గరో శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో కొన్నా, జీఎస్టీ బిల్లుపై ప్రతి భాగానికీ మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీ కోసం విశాఖపట్నం వెళ్లవలసి వచ్చిన రోజున అక్కడ అడిగేది ఆ నంబరునే.

అభ్యాసం

మీకు అందుబాటులో ఉన్న ఏదైనా కంప్యూటరు ఎస్ఎంపీఎస్ స్టిక్కరును ఫోటో తీసి, ప్లస్ 12 వోల్టుల గడిలోని ఆంపియర్ల నుంచి వాట్లను గణించి, పేరులో ఉన్న అంకెతో పోల్చండి. స్టిక్కరు చూడటానికి ఎస్ఎంపీఎస్‌ను విప్పవద్దు; దాని కెపాసిటర్లలో ప్లగ్గు తీసిన తరువాత కూడా ప్రమాదకరమైన వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది. ఆ తరువాత ఆర్ఎక్స్ 6600కు బదులు 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060 వేసుకుంటే మొత్తం ఎంతవుతుందో, 1000 వీఏ యూపీఎస్ 600 వాట్లు ఇస్తుందనుకుంటే దానిలో ఎంత మిగులుతుందో లెక్కించి రాసుకోండి. గోడ నుంచి తీసుకునే వాట్ల కోసం మొత్తాన్ని 0.85తో భాగించి, మానిటరుకు 25 వాట్లు కలపడం మరవకండి. కంప్యూటరుకు 296, గోడ దగ్గర సుమారు 373, మిగులు సుమారు 227 వచ్చిందంటే మీ లెక్క సరైనదే.

వచ్చే పాఠం ర్యామ్, ఎస్ఎస్‌డీల గురించి. దానికి ముందు మీరు ఎంచుకున్న మదర్‌బోర్డు మాన్యువల్‌ను దింపుకుని, రెండు ర్యామ్ ముక్కలను ఏ ఏ స్లాట్లలో పెట్టమన్నారో, ఎస్ఎస్‌డీని బిగించే ఎం.2 స్లాట్ ఏ తరం పీసీఐఈతో పనిచేస్తుందో చూసి ఉంచండి.