అమెరికాలో పదిహేనేళ్లు దాటాక ఊరికెళ్తుంటే

ముందు కాగితాల సంగతి చూస్కోండి, సెంటిమెంట్ తర్వాత. అక్కడి సిటిజన్‌షిప్ తీస్కున్నాక ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ కార్డు (వేరే దేశం సిటిజన్లయిన మనవాళ్లకి ఇండియా ఇచ్చేది) చేయించుకోవాలి, అదుంటే వీసా అక్కర్లేదు గానీ ఓటు ఉండదు, పొలం కొనలేం (నాన్న పొలం వారసత్వంగా వస్తే పర్లేదు). పిల్లలకి చిన్నప్పుడే చేయించుంటే 20 ఏళ్లు నిండాక వచ్చే కొత్త పాస్‌పోర్ట్‌తో ఒకసారి మళ్లీ చేయించాలి. కాలేజీ రోజుల్లో తెరిచిన సేవింగ్స్ అకౌంట్ చాలామంది అలాగే వదిలేస్తారు, నేనూ వదిలేశా, దాన్ని ఎన్‌ఆర్‌ఓ (బయటి దేశాల్లో ఉండేవాళ్లకి ఇండియా బ్యాంకుల్లో ఉండే అకౌంట్) కింద మార్పించాలి. ఇండియా సిమ్ రీచార్జ్ ఆపకండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

అసలు పని ఇంట్లో అడుగుపెట్టాకే. పోయినసారి అమ్మ అందరికీ స్టీలు గ్లాసుల్లో నీళ్లిచ్చి నాకు మాత్రం సీలు తియ్యని బాటిల్ తెచ్చిపెట్టింది, కొత్త టవల్ కూడా, అచ్చం చుట్టానికి పెట్టినట్టు. నా కడుపు పాడవుద్దని అమ్మ భయం, నిజంగానే పాడవుద్ది కూడా, కాబట్టి నీళ్లు బాటిల్లోవే తాగండి కానీ గ్లాసులో పోస్కుని వంటింట్లో గట్టు పక్కన నిలబడి తాగండి, ఆ టవల్ బీరువాలో పెట్టేసి దండెం మీద ఉన్నది లాక్కోండి. "మా దగ్గరైతే" అన్న మాట నోట్లోంచి రానీకండి, వస్తే వెంటనే "ఏది మీ దగ్గర?" అంటారు.

తిరిగెళ్లి ఫ్లైట్ దిగాక అమ్మకి "ఇంటికొచ్చేశాం" అని మెసేజ్ పెట్టకండి, "చేరాం" అని పెట్టండి. నేను మొదటిదే పెట్టా, సాయంత్రం దాకా రిప్లై లేదు.