ఫ్రెంచ్ టార్పీడో పడవ నమూనా: ముక్కు పాడు కాకుండా ఎలా చెక్కాలి?

టార్పీడో పడవ అంటే నీటిలో దూసుకెళ్లి పేలే టార్పీడోలను వదిలే చిన్న యుద్ధ పడవ. 1880ల నాటి ఫ్రెంచ్ 35 మీటర్ల టార్పీడో పడవకు చెక్క నమూనాలు చేసేవాళ్లు ఎక్కువగా ఒకే చోట తప్పుతారు. ముక్కు వైపు డెక్కును, అంటే పడవ పైకప్పును, బల్లలా చదునుగా వదిలేస్తారు. ఇక మిగతాదంతా ఎంత బాగా కుదిరినా చేపల పడవకు పొగగొట్టం అతికించినట్టే ఉంటుంది.

కావలసినవి కొన్నే: తెల్ల పొణికి చెక్క, పదునైన చాకు, గరుకు కాగితం, అట్ట ముక్కలు, సన్న ఇత్తడి గొట్టం. బాల్సా అనే మెత్తటి తేలిక చెక్క వాడకండి, గోరు తగిలితేనే గుంట పడుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కూడా తేలికే, పైగా దానికి అంచు నిలుస్తుంది. నూరో వంతు కొలతకు పొడవు 35 సెంటీమీటర్లు, వెడల్పు మూడు సెంటీమీటర్ల పైచిలుకు. పై నుంచి, పక్క నుంచి ఆకారం గీసి కోసుకోండి. ఇది ఒక పూట పని.

అసలు కష్టం ముక్కు దగ్గర మొదలవుతుంది. అక్కడ డెక్కు తాబేలు వీపులా గుండ్రంగా వంగి పక్కలకు దిగుతుంది. వేగంగా దూసుకెళ్లే చిన్న పడవ మీదికి అల ఎక్కుతుంది కాబట్టి, ఎక్కిన నీరు నిలవకుండా జారిపోవాలి. టార్పీడో గొట్టాలు రెండూ ఆ వీపు కిందే, ముక్కులో పక్కపక్కన ఉంటాయి.

ముందుగా నడిమి గీతను పెన్సిల్‌తో గట్టిగా గీసి, చివరి వరకు చెరపకండి. ప్రతి రెండు సెంటీమీటర్లకు అడ్డుకోత ఆకారం అట్టలో కత్తిరించుకోండి. చాకుతో అంచులు మాత్రమే తీయండి. వంపు పనంతా గరుకు కాగితానిదే. దాన్ని సన్న పట్టీలా చీల్చి, పడవను తిరగలి పిడిలా గట్టిగా బిగించి, రెండు కొసలూ పట్టుకుని అడ్డంగా లాగండి. నిలువుగా రుద్దితే నడుమ పల్లం పడుతుంది, దాన్ని మళ్లీ సరిచేయడం కష్టం. నాలుగు లాగులకొకసారి అట్ట పెట్టి దీపానికి ఎదురుగా చూడండి. సందులోంచి వెలుగు కనిపించే చోట లోతు పోయినట్టు. ఆ చోటును ముట్టుకోకుండా చుట్టుపక్కల తగ్గించండి. పొరపాటున గుంట పడితే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు పెట్టండి. అంగడి పుట్టీ కంటే నాకు అదే నచ్చుతుంది, చెక్కతో కలిసి అరుగుతుంది.

అస్తరు రంగు ఆరాక ముక్కు మీద నీటి చుక్క వేయండి. పక్కకు జారిందా, వంపు కుదిరినట్టే. నిలిచిందంటే మళ్లీ అరగదీయాలి.

ఒక్క మాట: ఈ గొట్టాల పడవకు ముందు పొడవాటి వాసం తగిలించకండి. కొసన మందుగుండు కట్టిన వాసంతో 1884 ఆగస్టు 23న ఫూచౌలో చైనా నౌక యాంగ్వూను దెబ్బతీసింది 46వ నంబరు పడవ. ఆ పడవ వేరే రకం. వాసం కావాలంటే దాన్నే చేయండి.

ఇక పొగగొట్టం, మెరవని రంగు ఒక సాయంత్రంలో అయిపోతాయి. ఈ పడవలకు పేర్లుండవు, నంబర్లే. ముక్కు పక్కన అంకె సన్న కుంచెతో చేత్తోనే రాయండి, స్టిక్కరు వంపు మీద ముడత పడుతుంది.